ఏడాదికోసారి లేపే బండ

పురుషోత్తం ఇంటికి మూడు తలుపులు ఒకే వరసలో ఉంటాయి. గల్లీలో నిలబడి చూస్తే ముందు గది, నడిమి గది, వెనక వాకిలి, ఆ చివర గోడ మీద ఆరేసిన తువ్వాల దాకా కనబడుతుంది. కొత్తగా చూసినవాళ్లు, "ఇదేం కట్టుడయ్యా, ఇంట్ల దాపరికమే లేదు" అని నవ్విపోతారు.

ఇల్లు కట్టించింది తండ్రే గానీ, తలుపులు అట్లా పెట్టించింది నాయనమ్మ. మల్కాజ్‌గిరిలో రైలు పట్టాలకు ఇవతల, ఆ ఇంటి వెనక ఒకప్పుడు గుండ్లవాగు పారేది. గల్లీ ఆడవాళ్లంతా బతుకమ్మలను ఆ వాగులోనే వదిలేవాళ్లు. బస్తీ పెరిగి వాగు మోరీ అయ్యాక, ఎవరి మేరకు వాళ్లు దాని మీద స్లాబు పోసుకున్నారు. పురుషోత్తం తండ్రి కూడా పోయబోయాడు. నాయనమ్మ వెళ్లి పునాది గుంతలో కూర్చుంది. అన్నానికి పిలిచినా లేవలేదు. "బతుకమ్మ తొవ్వ మూస్తే నన్ను సుత గీడనే పూడ్వు" అంది. తండ్రి దిగొచ్చాడు. ఆడవాళ్లు ముందు తలుపున వచ్చి, ఇంట్లోంచి నడిచి, వెనక తలుపున వాగు దగ్గరికి చేరేట్టు ద్వారాలన్నీ ఒకే వరసన పెట్టించాడు. వెనక వాకిట్లో స్లాబుకు చదరంగా ఒక కంత వదిలి, దాని మీద షాబాద్ బండ పరిపించాడు.

ఆ బండ ఏడాదికోసారి, సద్దుల బతుకమ్మ నాడు లేస్తుంది. గడ్డపారతో దాన్ని లేపడం ఇంటి మగవాడి పని. తండ్రి పోయాక పురుషోత్తమే లేపుతున్నాడు. ఆడవాళ్లు బతుకమ్మలను నీళ్ల తొట్టిలో వదిలి, ఒక్కోదాన్నుంచి గుప్పెడు పూలు తీసి ఆ కంతలో వేస్తారు. కింద నల్లటి నీళ్లు. కంపు. ఒక చేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో పూలు వదులుతారు. మిగిలిన ఏడాదంతా ఆ బండ మీద అంట్లు తోముకుంటారు. దాని కింద ఉన్నది వాగని ఎవరికీ పట్టదు. మోరీ అంటారు. పట్నంలో మోరీ లేని ఇల్లేది?

పురుషోత్తానిది ఫ్లెక్సీల దుకాణం. ఆ ఇంటి ముందు గదిలోనే మిషను. కాలనీ సంఘానికి అధ్యక్షుడు కూడా అతడే. మాట మీద నిలబడే మనిషని పేరు. మాటలు ఎక్కువని ఇంకో పేరు.

నిరుడు డెన్మార్క్ వాళ్లు వచ్చారు. అక్కడి ఒక పట్నానికీ ఇక్కడి అధికారులకూ ఒప్పందం కుదిరిందట. మూసీ బాగుపడాలంటే, ముందు మూసీలో కలిసే చిన్న వాగులను స్లాబుల కింద నుంచి బయటికి తీయాలని. ఎరిక్ అనే పొడుగాటి మనిషి వాళ్ల ఊరి ఫోటోలు చూపించాడు. రోడ్డు కింద పూడ్చిన ఏటిని మళ్లీ తవ్వి తీశారు. ఒడ్డున మెట్ల మీద జనం కూర్చుని ఐస్‌క్రీము తింటున్నారు. పురుషోత్తం మనసు ఆ మెట్ల మీదే కూర్చుండిపోయింది. వాన పడితే చాలు ఇళ్లలోకి తన్నుకొచ్చే మురుగు, మంచాలెక్కి కూర్చునే ముసలివాళ్లు కళ్ల ముందు మెదిలారు. ఆ ఫోటో పక్కన తాను దండం పెడుతున్నట్టు ఫ్లెక్సీ ఒకటి కొట్టి ఇంటి ముందు కట్టాడు. 'వాగు జాగ వాగుకే' అని పెద్దక్షరాలు. మీటింగులో ఎరిక్ రెండు చేతులూ పట్టుకుని, "మా బతుకమ్మకు రావాలె సార్. నీళ్లను మొక్కెటోళ్లం మేము" అని పిలిచాడు. కూతురు అనుపమ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆ పిల్లకు ఆ ప్రాజెక్టులోనే ఇటు మాట అటు చెప్పే ఉద్యోగం.

కాలనీ మొగదల మోరీ తీసినప్పుడు మొట్టమొదట బయటపడింది పాత ఫ్లెక్సీ. బురద కడిగితే పురుషోత్తం మొహమే. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెబుతూ నవ్వుతున్నాడు.

"వాగులోకి అందరికంటే ముందు దిగింది మన ప్రెసిడెంటు గారేనండీ!" అన్నాడు పక్కింటి వెంకటరత్నం. అందరితోపాటు పురుషోత్తమూ నవ్వాడు.

వెంకటరత్నం కోస్తా మనిషి. ఏ.ఎస్. రావు నగర్ దగ్గరి ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాడు. ఆ ఇల్లు ఎవరో కట్టుకుంటే కొనుక్కున్నాడు. వాగు సంగతి అతనికి తెలియదు.

పని సాగే పద్ధతి ఒకటుంది. బండి లాంటి మిషనును నేల మీద తోసుకుపోతే, కింద నీళ్లు ఎక్కడున్నాయో అది చెబుతుంది. అది చెప్పలేనిచోట పాతకాపుల మాట తీసుకుంటారు. వాగు ఏ ఇంటి కింద ఉంటే ఆ గోడ మీద నీలిరంగు బొట్టు పెడతారు. బొట్టు పడ్డ ఇల్లు పోతుంది. ఇంటివాళ్లకు వేరేచోట ఫ్లాటు ఇస్తారు. ఆ బొట్టు మాత్రం బయటివాళ్లు పెట్టరు. గోడ మీద స్థానికుల చెయ్యే పడాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. అందుకని రంగు డబ్బా పురుషోత్తం దగ్గర ఉంటుంది. ఎన్నో గోడలకు అతనే పెట్టాడు. ఏడ్చినవాళ్ల భుజం తట్టాడు. "జెర ఓర్సుకోండ్రి. వాగు జాగ వాగుకు ఇయ్యాలె గద" అన్నాడు. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

మిషను చివరి గల్లీకి వచ్చింది. అది పురుషోత్తం గల్లీయే. ఆ గల్లీకి ఒకటే మూతి. అవతలి కొస రైల్వే గోడ. అక్కడ నేలలో ఇనుము ఎక్కువై మిషను తికమకపడింది. వాగు పోతే పురుషోత్తం ఇంటి కిందనుంచి పోవాలి, లేదంటే వెంకటరత్నం ఇంటి కిందనుంచి పోవాలి.

"మీరు పుట్టి పెరిగినోళ్లు గద డాడీ, ఎటు దిక్కని ఎరిక్ అడుగుతుండు," అంది అనుపమ.

పురుషోత్తం నోరు తెరిచాడు. ముందు గదిలో ఫ్లెక్సీ మిషను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. లోపల తల్లి శారదమ్మ దగ్గు వినిపించింది.

"రత్నం సాబ్ దిక్కు," అన్నాడు.

అనుపమ క్షణంసేపు తండ్రి మొహం చూసింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల. ప్రతి ఏడూ ఆ బండ లేవడం చూసిన పిల్ల. ఆ మాటే ఇంగ్లీషులో చెప్పింది. పురుషోత్తం డబ్బా మూత తీసి, వెంకటరత్నం గోడ మీద బొట్టు పెట్టాడు. అలవాటైన పని.

మోకాళ్ల నొప్పులతో శారదమ్మ వీధి గడప దాటదు. పక్కింటికి బొట్టు పడిందని ఎవరో చెబితే కొడుకును అడిగింది. "రోడ్డు వెడల్పు చేస్తరంట అమ్మా" అన్నాడు. "పాపం సీత," అనుకుంది.

సీతంటే సీతామహాలక్ష్మి, వెంకటరత్నం భార్య. ఆవిడ పుట్టిన వైపు బతుకమ్మ లేదు. ఈ గల్లీకి వచ్చాకే నేర్చుకుంది. ఇప్పుడు అందరికంటే ఎత్తుగా పేర్చేది ఆవిడే.

బొట్టు పడ్డ దగ్గర్నుంచి వెంకటరత్నం రోజూ సాయంత్రం వచ్చి పురుషోత్తం అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు.

"ఫ్లాటు మూడో అంతస్తు అయితే మంచిదంటారా, కింద అయితేనా?"

"కిందనే మంచిది. మోకాళ్లున్నయి గద."

"అదీ నిజమే. మీరున్నారు కదండీ, నాకింక దిగులెందుకు? మీ మాట కాదని ఏ పనీ చెయ్యను నేను."

పురుషోత్తం లేచి లోపలికి పోదామంటే మర్యాద కాదు. కూర్చుందామంటే అరుగు కాలుతున్నట్టుంది. గల్లీలోంచి పోయేవాళ్లు, "ప్రెసిడెంట్ సాబ్ పక్కింటాయన్ను మంచిగ అరుసుకుంటుండు" అని మెచ్చుకున్నారు. పైన ఫ్లెక్సీలో అతని బొమ్మ దండం పెట్టి నిలబడి ఉంది. దించుదామంటే, ఎందుకు దించావని అడుగుతారు.

బతుకమ్మ పండుగ దగ్గర పడింది. ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ అనుపమ అంది. "డాడీ, ఎరిక్ సద్దుల బతుకమ్మకు వస్తుండు. నువ్వే పిలిచినవ్ గద. తిరుమలగిరిల గెస్ట్‌హౌస్ కాడికి ఆటో పంపమన్నడు."

పురుషోత్తం చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. పిలిచినప్పుడు అతనికి బతుకమ్మంటే పూలు, పాట, ఆడవాళ్ల సందడి. అది తన ఇంట్లోంచి నడుస్తుందని, చివరికి బండ కాడికే చేరుతుందని తోచనే లేదు. ఆ ఇంటి గౌరవం ఏదని ఎవరడిగినా 'మా ఇంట్లకెళ్లే బతుకమ్మ పోతది' అని ఇంతకాలం గొప్పగా చెప్పుకున్నవాడు.

"వద్దనరాదా?" అన్నాడు మెల్లగా.

"నేనెట్ల అంట? పిలిచింది నువ్వు." అనుపమ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. తిరిగి చూడలేదు.

ఆ పూటే అతను ఓ డీసీఎం వ్యాను మాట్లాడాడు. తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఈసారి అందరం చెర్వుకు పోదం. బండి మాట్లాడిన. అక్కడ లైట్లు, మైకులు. గవర్నమెంటోళ్లే పెట్టిండ్రు. మస్తుంటది."

"పోయేటోళ్లు పోనీ. మన బతుకమ్మ మన ఇంట్లకెళ్లే పోతది."

"గా కంపుల ఎన్నేండ్లమ్మా?"

"కంపు మనం చేసిందే గద," అంది శారదమ్మ, గునుగు పూలకు రంగు అద్దుతూ. "నువ్వెందుకు పరేషానైతున్నవ్? ఒంట్ల మంచిగ లేదా?"

పండుగ ముందు రోజు మధ్యాహ్నం భార్య కల్పలత తంగేడు పూలు, బంతిపూలు కొనడానికి మోండా మార్కెట్టుకు పోయింది. తల్లి కునుకు తీస్తోంది. పురుషోత్తం పోయినేడు గోడకు పూయగా మిగిలిన సిమెంటు కలిపాడు. వెనక వాకిట్లో గొంతుకూర్చుని, బండ అంచు చుట్టూ తాపీతో కూరాడు. అంట్లు తోముకునే చోటు, ఎవరు చూస్తారు? పైన తడి గోనె కప్పి, గోనె మీద బోర్లించిన తొట్టి పెట్టాడు. లేచేసరికి నడుము పట్టేసింది. కింద నీళ్ల చప్పుడు వినిపించిందో, తన చెవుల్లోనే హోరుమందో తెలియలేదు.

"బండ మీద గోనె ఏందయ్యా?" అంది కల్పలత వచ్చాక.

"పాకురు గీకిన. ఆరనియ్."

సద్దుల నాడు పొద్దుగూకకముందే గల్లీ నిండిపోయింది. డీసీఎం ఖాళీగా వచ్చి, ఎక్కేవాళ్లు లేక, వెనక్కి తిరగడానికి జాగా లేక గల్లీ మూతికి అడ్డంగా నిలబడింది. ఎరిక్ ఆటో దిగి, బండి పక్కనుంచి ఒదిగి వచ్చాడు. గడప దగ్గర బూట్లు విప్పాడు. ఎవరో అతని నుదుట కుంకుమ పెట్టారు. ఆడవాళ్లు గల్లీలో ఆడి ఆడి, బతుకమ్మలు ఎత్తుకున్నారు. కల్పలత ముందు నడిచింది. నడిమి గదిలో కుర్చీ వేయించుకుని కూర్చున్న శారదమ్మ, ఆ గల్లీ పాట అందుకుంది.

"కడప దాటి రావమ్మ ఉయ్యాలో, నడిమి అర్ర నడవమ్మ ఉయ్యాలో, గుండ్లవాగు పిలిచింది ఉయ్యాలో, బండ కింద నీళ్లమ్మ ఉయ్యాలో..."

ఏటేటా విన్న పాటే. ఈ ఏడు దాని మాటలు ఒక్కొక్కటీ పురుషోత్తం వీపు మీద పడ్డాయి. అనుపమ పక్కన నిలబడ్డ ఎరిక్ ఆ పాట అర్థం అడిగాడు. అనుపమ వినబడనట్టు ఊరుకుంది.

తొట్టిని బండ మీంచి దించి నీళ్లు నింపి ఉంచారు. బతుకమ్మలన్నీ దాని చుట్టూ చేరాయి. శారదమ్మ మనవరాలి భుజం పట్టుకుని వెనక వాకిట్లోకి వచ్చింది.

"బండ లేపు బిడ్డా."

పురుషోత్తం గోనె కొస కొంచెం మడిచి, గడ్డపార మొన అంచుకు ఆనించి, బలమంతా పెడుతున్నట్టు పళ్లు బిగించాడు. "వస్తలేదమ్మా. పట్టేసింది. ఈసారికి తొట్టిలనే కానిద్దం."

"నిరుడు వచ్చింది గద?"

"వానలకు బిగిసినట్టుంది."

"బండ బిగుసుడేంది పెదనాయనా, అదేమన్న కట్టె తలుపా?" అంది వెనకనుంచి ఒక పిల్ల. ఆడవాళ్లు పకపకా నవ్వారు.

వెనకనుంచి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. మూడు తలుపుల నిండా పూలే. గల్లీ కొసన రైల్వే గోడ. గల్లీ మూతికి తను పిలిపించిన వ్యానే అడ్డం. పోదామంటే బతుకమ్మలు దాటిపోవాలి. బతుకమ్మను దాటిన మగవాడు ఆ గల్లీలో లేడు. పురుషోత్తం గడ్డపార పట్టుకుని, సొంత వాకిట్లో ఎటూ కదలలేక నిలబడ్డాడు.

"ఏవండీ, ఇలా రండోసారి! అన్నయ్యగారికి సాయం పట్టండి," అని సీతామహాలక్ష్మి మొగుణ్ణి కేకేసింది. ఆవిడ బతుకమ్మ బరువని వెనక వాకిలి దాకా మోసుకొచ్చి, గోడవారగా నిలబడ్డ వెంకటరత్నం చేతులు మడుచుకుంటూ వచ్చాడు.

"తప్పుకోండి, తప్పుకోండి. మీకూ నాకూ వయసైపోయిందండీ. ఇద్దరం కలిస్తేగానీ ఒక మనిషి లెక్క కాదు."

"వద్దు రత్నం సాబ్, మీ నడుము..."

"నడుముదేముందండీ." గడ్డపార అందుకుని, గోనెను కాలితో పక్కకు తోసి, అంచున పొడిచాడు. పెచ్చు లేచింది. ఇంకో పోటు వేశాడు. ఇంకో పెచ్చు. వెంకటరత్నం వంగి ఒకటి తీసి, వేళ్ల మధ్య నలిపాడు. లోపల ఇంకా పచ్చిగానే ఉంది. వేళ్లకు బూడిదరంగు అంటింది. తలెత్తి పురుషోత్తం కళ్లలోకి చూశాడు.

తర్వాత గడ్డపార మీద ఒళ్లంతా వేసి నొక్కాడు. "ఇహ పట్టండి," అన్నాడు.

ఇద్దరూ కలిసి బండను పక్కకు జరిపారు.

కంపు ఒక్కసారిగా లేచింది. కొంగులు ముక్కుల మీదికి పోయాయి. పాట ఆగింది. ఆగిన చోట నీళ్ల చప్పుడు అందుకుంది. వానాకాలం వెళ్లిన కొత్త. వాగు లోపల నిండుగా పోతోంది. ఎరిక్ మోకాళ్ల మీద కూర్చుని, కంతలోకి తల వంచి విన్నాడు. లేచి అనుపమను ఏదో అడిగాడు.

"ఏమంటుండు?" అంది శారదమ్మ.

"ఇదేందని అడుగుతుండు నానమ్మా."

"ఏందేంది! గిదే గుండ్లవాగు నాయనా," అంది శారదమ్మ ఎరిక్‌తోనే, అతనికి తెలుగు వచ్చినట్టు. "మా అత్త పునాది గుంతల కూసుండి తెరిపించిన కిటికీ ఇది. గా మూడు తలుపులు దీనికోసమే. ఎవలు మూసినా మేము మూయలే." ఆవిడ మొహం వెలిగిపోతోంది.

ఎరిక్ అనుపమ వైపు చూశాడు. అనుపమ తండ్రి వైపు చూసింది.

"పిన్నిగారూ," అంది సీతామహాలక్ష్మి నెమ్మదిగా. చేతిలో పూలు చేతిలోనే ఉన్నాయి. "దీన్ని మోరీ అనుకున్నాను ఇన్నాళ్లూ. వాగే అయితే... మా గోడ మీద ఆ బొట్టెందుకండీ మరి?"

"అది రోడ్డుకు గద?" శారదమ్మ కొడుకు వైపు తిరిగింది. అప్పుడే ఆవిడ కాలికి సిమెంటు పెచ్చు తగిలింది. వంగలేక, కాలి వేలితో దాన్ని పొర్లించి చూసింది. "గీ సిమెంట్ ఎవడు పెట్టిండు?"

పురుషోత్తం భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే అమ్మా."

తల్లి ఇంకేమీ అడగలేదు. అడిగితే చెప్పుకునేవాడేమో.

"డాడీ," అంది అనుపమ. "మొన్న నువ్వు చెప్పిందే నేను చెప్పిన. ఇప్పుడు సుత నువ్వు చెప్పందే నేను చెప్ప."

పురుషోత్తం తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "చెప్పు బిడ్డా. వాగు మా ఇంటి కిందనే ఉన్నది. రత్నం సాబ్ ఇంటి కింద లేదు. నాకు ఎరికుండే అబద్ధం చెప్పిన."

అనుపమ ఇంగ్లీషులో చెప్పింది. అన్నాళ్లు దాచిన మాట ఇంగ్లీషులో మరీ చిన్నగా వినిపించింది. ఎరిక్ తలూపాడు. బొట్టు పెట్టడానికి తను ముందుకు రాలేదు. గోడ మీద బయటివాళ్ల చెయ్యి పడకూడదు కదా. ప్రెసిడెంటుకు దారి వదిలి పక్కకు జరిగాడు.

ఆడవాళ్లు కూడా జరిగారు. బతుకమ్మల మధ్యనుంచి కాలు పట్టేంత సందు. ఆ సందులోంచి పురుషోత్తం నడిమి గదిలోకి పోయి, గూట్లోంచి నీలిరంగు డబ్బా తెచ్చాడు. కుంచె ఎండి కట్టెలా అయింది. వేలే ముంచాడు. వెనక తలుపు పక్కన, ఏటేటా పసుపు రాసే చోటు పైన బొట్టు పెట్టాడు. రంగు కిందికి కారింది.

"అంటే, గీ ఇల్లు...?" అంది శారదమ్మ.

"పోతదమ్మా."

ఆవిడ మూడు తలుపుల వరస వెంబడి గల్లీ దాకా చూసింది.

"తొవ్వయితే ఉంటది గద?"

"ఉంటది. ఇల్లే ఉండది."

శారదమ్మ కోడలి బతుకమ్మలోంచి గుప్పెడు పూలు తీసి, కంతలో వేసింది. తర్వాత ఒక్కొక్కరే వేశారు. పాట ఎవరూ ఎత్తుకోలేదు. సీతామహాలక్ష్మి కూడా వేసింది. వేసి, అందరితో పసుపు ఇచ్చిపుచ్చుకోకుండా, సత్తుపిండి ప్రసాదం పెట్టించుకోకుండా, ఖాళీ తాంబాళం చంకన పెట్టుకుని ముందు తలుపున వెళ్లిపోయింది.

వెంకటరత్నం మాత్రం గడ్డపార పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు.

"రత్నం సాబ్," అన్నాడు పురుషోత్తం.

"ఈ గునపం ఎక్కడ పెట్టమంటారండీ?" అన్నాడు వెంకటరత్నం.

"గా మూలకు."

మూలకు ఆనించి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి అరుగు మీదికి రాలేదు.

అందరూ పోయాక, ఏటేటా చేసినట్టే పురుషోత్తం బండను కంత మీదికి జరపబోయాడు.

"ఉండనియ్," అంది శారదమ్మ.

"కంపమ్మా. అన్నం సుత తినలేం."

"ఉండనియ్ బిడ్డా. ఎట్లయిన తెరిచేదే గద."

అతను బండ వదిలేశాడు. ఆ రాత్రి వాగు కంపు వెనక వాకిలి దాటింది. నడిమి గదిలో రాలిన పూల మీదుగా, ముందు గదిలో మిషను పక్కగా, ఆడవాళ్లు వచ్చిన దారినే ఎదురు నడిచి గల్లీలోకి పోయింది. తలుపులు వేద్దామా అని కల్పలత అడిగింది. పురుషోత్తం వాటిని అట్లాగే వదిలి బయటికి వచ్చాడు. అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. నెత్తి మీద ఫ్లెక్సీ గాలికి టపటపా కొట్టుకుంటోంది.